ఎడిటర్ మామ కట్ చేస్తే

"ఎడిటింగంటే బట్ట కత్తిరించడం కాదయ్యా దర్జీ! నువ్వు కత్తిరిస్తే చొక్కా అవుతుంది, నేను కత్తిరిస్తే కాలమే ఆగుతుంది" అంటూ టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకున్నాడు ఎడిటర్ మామ.

"ఓ కుర్ర డైరెక్టర్ ఏడుపు మొహంతో వచ్చాడు. వాడిది ప్రయోగాత్మక సినిమా. కథ లేదు, మాటల్లేవు. ఓ ముసలాయన మొహం, ఓ ఖాళీ కుర్చీ, మరిగే కెటిల్, అంతే! 'రేపే ప్రదర్శన మామా, జనం లేచిపోతే నేనిక కెమెరా ముట్టను' అన్నాడు. ఊరుకోరా అని, మొహం పక్కన కుర్చీ అతికించా. ఆయన పెళ్లాం పోయిందని చెప్పకుండానే తెలిసిపోయింది, హాలంతా ముక్కులు చీదడమే! అదే మొహం పక్కన కెటిల్ అతికించా. అంతే, టీ, టీ అని ఒకటే కేకలు!"

"మరి నా కొట్టుకి ఒక్కడూ రాలేదే?" అన్నాడు టీ కొట్టాయన.

"నువ్వాగవయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? జంప్ కట్ వేశా. అంటే నడక మధ్యలో ముక్క లేపేయడం. గుమ్మం దగ్గరున్న ముసలాయన ఠక్కున కిటికీ దగ్గర తేలాడు. ఆ ఊపుకి ముందు వరసలో కూర్చున్న లావుపాటాయన వెనక వరసలో తేలాడు! చేతిలో గ్లాసు తొణకలేదు!"

"ఆయన్నెవరు మోశారు?" అన్నాడు దర్జీ.

"ఆ జంప్ కట్టే మోసింది! ఇంకా విను. చివరి సీను వెనక్కి తిప్పా. ఆవిరి కెటిల్లోకి దూరింది, కన్నీళ్లు కళ్లలోకెక్కాయి. చూస్తుండగానే హాల్లో బట్టతలల మీద జుట్టు మొలుస్తోంది! చింపిన టికెట్లు అతుక్కుంటున్నాయి! డైరెక్టర్ నిక్కర్లోకొచ్చి బలపం కావాలని మారాం! ఇంకాస్తయితే హాలంతా ఉయ్యాలలే! ఒక్క గెంతు గెంతి, ఫిల్ము పళ్లతో కొరికి, ముందుకి తిప్పా. అందరూ ఎవరి వయసులోకి వాళ్లొచ్చి పడ్డారు, నన్ను భుజాల మీద ఊరేగించారు! నా చేతిలో పడ్డ మనిషి తెర మీద తప్పిపోవడమన్నదే లేదు!"

బెంచీ చివర టీ ఊదుకుంటున్న మామ మేనకోడలి మొగుడు తలెత్తాడు.

"మా పెళ్లి వీడియో ఎడిట్ చేసింది మీరే కదా మామయ్యా?"

"నేనే! ఎలా ఉంది?"

"అందులో మొదట్నుంచి చివరిదాకా మా ఆవిడ పక్కన మీరే ఉన్నారు. నేనెక్కడా లేను. 'నాన్నా, నిన్ను పెళ్లికి పిలవలేదా?' అని మావాడు రోజూ అడుగుతున్నాడు."