గోదావరి మీదికి ఏ పడవ?

మంచిర్యాల టేషను ముంగట ఐలవ్వ చాయ దుకాణంల బాలకిషన్‌రావు దొర కూసున్నడు. గోదావరిల షికారు చేసెటందుకు బొంబాయి పోయి మోటార్ పడవ కొనాలని ఆయన ముచ్చట. రెండు ఫోటోలు బల్ల మీద పరిచిండు. ఒకటి నలుగురు పట్టే చిన్నది, ఇంకోటి ఇరవై మంది పట్టే పెద్దది. ఏది కొనాలె, ఇంజన్ ఎరిగినోన్ని ఎవన్ని ఎంట తీస్కపోవాలె? అదే పరేషాన్. బండికి ఇంక అరగంట ఉన్నది.

అంబదాస్ ఆదిలాబాద్ పత్తి జిన్నింగు మిల్లుల ఇంజన్ నడిపినోడు. మిల్లు బందై నాలుగు నెలలు. దొర చూపు మాటిమాటికి పెద్ద పడవ మీదికే పోతుందని కనిపెట్టి, గ్లాసు పట్టుకొని దగ్గరికి జరిగిండు.

"నాందేడ్ సేటొకాయన నాతోనే పడవ ఏరిపిచ్చుకున్నడు దొరా. ముందుగాల చిన్నది నడిపిన. బీడీ ముట్టిచ్చేలోపల అద్దరికి పోయొచ్చింది. మంచిదే గని, మీ అసోంటోల్లకు ఆనదు. గప్పుడు పెద్దదాని ఇంజన్ చాలు చేసిన. గటెన్క ఏమైందో ఎర్కేనా? నిర్మల్‌ల జనం ఉరుముతుందని ఆరబోసిన మిరపకాయలు ఎత్తుకున్నరు."

"నిర్మల్ దాక ఇనబడ్డదా?" అన్నది ఐలవ్వ, చాయ వడబోసుకుంట.

"సగం జోరుకే గట్ల ఐలవ్వా. పూరా జోరు ఇస్తే గోదారి నీళ్ళు ఎన్కబడ్డయి. జర ఆగి, నీళ్ళు నన్ను అందుకున్నంక మల్ల పోనిచ్చిన."

దొర ముందుకు వంగిండు. అంబదాస్‌కు బొంబాయి బండిల కిటికీ పక్క జాగ దొరికినట్టే అనిపిచ్చింది. ఇగ ఆగలే.

"మన రైలు వంతెన కాడికొచ్చిన. గంత పడవ కింద పట్టది. ఏం జెయ్యాలె? ఒక్క ఊపు ఊపిన. వంతెన మీద రైలు పోతుంటే, గా రైలు మీదికెళ్ళి దుంకిచ్చిన. గార్డు నాకు పచ్చ జెండ ఊపిండు."

రేవుల జనాన్ని దాటిచ్చే అంతయ్య మూలకు కూసోని ఇంటుండు. మెల్లగ అడిగిండు. "గిది ఏ నెలల, అంబదాసూ?"

"వైశాఖంల."

"వైశాఖంల నేను నా పడవను ఇసుకల బోర్లిచ్చి పెడత. జనం నడుసుకుంటనే అద్దరికి పోతరు."

ఐలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. దొర నవ్వలే.

"నిజం చెప్పు. ఎన్నడన్న మోటార్ పడవ ఎక్కినవా?"

అంబదాస్ గ్లాసు బల్ల మీద పెట్టిండు. "ఎక్కలే దొరా. ఇంజన్ మాత్రం పదిహేనేండ్లు నడిపిన. చప్పుడు ఇని రోగం చెప్త. పెద్దది కొనకుండ్రి. ఎండకాలమంత ఇసుకల కూలబడి ఉంటది. చిన్నదైతే నీళ్ళు తగ్గినకాడ నలుగురం మోసుకపోవచ్చు."

దొర పెద్ద పడవ ఫోటో నడిమికి చింపిండు. దూరంగ బండి కూత ఇనబడ్డది.

"నడువు, నువ్వు ఇంజన్ చూద్దువు. అంతయ్యా, నువ్వు గూడ రా. తొవ్వ పొడుగూత వీనికి నెల అడిగేటోడు ఒకడు ఉండాలె."