గోడ అవతలి తెల్ల పైపు

ఫిల్టరు, ఫిల్టరు, ఫిల్టరు! ఎన్నిసార్లంటారండీ ఆ మాట? మార్చానని చెప్తూనే ఉన్నాను కదా. మీరు వెళ్లేముందు బేస్‌మెంట్ మెట్ల కింద పెట్టారే, ఆ కొత్తదే వేశాను. బాణం గుర్తు ఫర్నేస్ వైపే ఉంది. చాలా?

కోపం కాదండీ. ఒక్కసారి నన్ను పూర్తిగా చెప్పనివ్వండి. మూడు ముక్కలు చెప్పేసరికి మీరు ఏదో ఒకటి చూడమంటారు, నేను ఫోన్ పట్టుకుని కిందకి పరిగెడతాను, అసలు సంగతి ఉండిపోతోంది.

మీ తమ్ముడి పెళ్లైపోయింది, చుట్టాలంతా వెళ్లిపోయారు. వీసా స్టాంపింగ్ తేలక మీరొక్కరూ విజయనగరంలో చిక్కుకుపోయారు. మీ తప్పనట్లేదు. ఇక్కడ ఈ ట్రాయ్ ఊళ్లో ఈసారి చలి ఎలాంటిదో అక్కడ ఫ్యాన్ కింద కూర్చుంటే తెలీదంటున్నాను, అంతే. స్కూళ్లు మూసేశారు. రోడ్డు మీద మనిషి లేడు. కిటికీ అద్దానికి లోపలి వైపు మంచు పట్టిందండీ, లోపలి వైపు!

ఇల్లంతా వెచ్చబెట్టే ఆ ఫర్నేస్ అసలు అంటుకోకపోతే అదొక దారి. అంటుకుంటుంది. ముందు చిన్న ఫ్యాను గుయ్యిమంటుంది. లోపల ఎర్రగా కాలి, నీలం మంట లేస్తుంది. హమ్మయ్య అనుకునేలోపు టప్పున ఆరిపోతుంది. మళ్లీ మొదలు. అలా కాసేపు ప్రయత్నించి, ఇక నావల్ల కాదన్నట్టు ఎర్రలైటు ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంటుంది.

రిపేరు వాళ్లకి ఫోన్ చెయ్యలేదా? ఎందుకు చెయ్యలేదూ! ఊళ్లో అందరివీ ఆగిపోయాయట. ఇంట్లో చంటిపిల్లలున్నారా, పెద్దవాళ్లున్నారా అని అడిగింది ఫోన్‌లో ఆవిడ. ఆరేళ్ల పిల్లుందన్నాను. ఆరేళ్లంటే చంటిపిల్ల కాదటండీ. శనివారం పంపిస్తానంది. అబద్ధం చెప్పాల్సింది. ఆ సమయానికి నోరు రాలేదు.

శశికళగారికి చెప్తే, పాపం వాళ్లాయన వీరభద్రంగారు ఆఫీస్ మానుకుని వచ్చారు. ముప్పై ఏళ్లుగా కార్ల కంపెనీలో ఇంజనీరు కదా, ఆయనకి తెలీకపోతుందా అనుకున్నాను. లోపల మంటని కనిపెట్టే సన్నటి కడ్డీ ఒకటుందట, దానికి మసి పడితే ఇలాగే ఆగుతుందట. విప్పి శుభ్రం చేశారు. అంటుకుంది! టీ పెట్టిచ్చాను. ఆయన టీ తాగినంతసేపూ బుద్ధిగా తిరిగింది. ఆయన కారు మలుపు తిరిగిందో లేదో, ఆగిపోయింది. మళ్లీ ఫోన్ చేస్తే, "కార్ అయితే చెప్పేవాణ్ణమ్మా ఉమా, దీని సంగతి నాకూ అంతుపట్టట్లేదు" అన్నారు. ఆయన గొంతు వింటే నాకే జాలేసింది.

అదితికి ఇదంతా ఆట. "అమ్మా, లుక్, నా నోట్లోంచి పొగ వస్తుంది" అని హాల్లో అటూ ఇటూ గెంతింది. తర్వాత గెంతడం మానేసింది. పెదాలు నీలంగా అయ్యాయండీ. కోటు మీద కోటు వేసి, దుప్పట్లో చుట్టి, ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అప్పుడు మీకు ఫోన్ చెయ్యాలనిపించలేదు. చేసి ఏం చెప్పను?

అప్పుడే ఫోన్‌లో వెతికాను. ఎర్రలైటు అన్నిసార్లు కొడితే గాలి ఆడట్లేదని అర్థమట. ఇంటి వెనక గోడలోంచి రెండు తెల్ల పైపులు బయటికి ఉంటాయి, ఎప్పుడైనా చూశారా? నేనూ చూడలేదు, ఇన్నేళ్లుండి. ఒకదాన్లోంచి గాలి పీల్చుకుంటుంది, ఇంకోదాన్లోంచి పొగ వదుల్తుంది. వెళ్తే ఏముందక్కడ, నడుం దాకా మంచు! పెద్ద పార గరాజ్‌లో ఉంది, గరాజ్ తలుపు నేలకి అతుక్కుపోయి రాదు. అదితి బీచ్‌లో ఆడుకునే ప్లాస్టిక్ పారతో తవ్వానండీ. నవ్వకండి. గాలి పీల్చే పైపు మూతి నిండా ఐస్ గడ్డ. కెటిల్‌తో వేడినీళ్లు తెచ్చి పోశాను.

కిందకెళ్లి చూస్తే, మంట లేచింది. ఆరలేదు. వెచ్చటి గాలి పాదాలకి తగిలింది. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఆ సాయంత్రం మీకు ఫోన్ చేసి అంతా బాగుందన్నాను చూడండి, అదన్నమాట.

పొద్దున్నకి మళ్లీ చల్లారిపోయింది. పక్క పైపులోంచి వచ్చే ఆవిరే దీని మూతికి పట్టి గడ్డకడుతోంది. పొయ్యడం, కరగడం, మళ్లీ పట్టడం. దోసె పెనం మీద వదిలేసి పరిగెత్తాను. స్నానం చేస్తూ చెవి బేస్‌మెంట్ వైపే. ఆ ఫర్నేస్ చప్పుడు తప్ప నాకింకేం వినబడలేదు.

ఆ పోసిన నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? అక్కడే అద్దంలా గట్టిపడ్డాయి. జారాను.

ఏం కాలేదు. అరవకండి. కుడిచెయ్యి. మణికట్టు దగ్గర ఎముక విరిగింది, కట్టు కట్టారు. లేవలేక ఆ మంచులో పడుంటే అదితి తలుపు తీసుకుని సాక్సులతోనే వచ్చేసింది. దాన్ని లోపలికి పొమ్మని అరుస్తాను, అది పోదు. నా చున్నీ పట్టుకుని లాగుతుంది. చివరికి దానికే చెప్పాను ఫోన్ తెమ్మని. శశికళగారికి ఫోన్ చేసింది అదే.

అందుకే నిన్నట్నుంచీ వాళ్లింట్లో ఉన్నాం. మనింట్లోంచి కాదు మాట్లాడేది.

ఇల్లా? ఇందాక శశికళగారు, వీరభద్రంగారితో వెళ్లి చూసొచ్చాం. లోపల నీళ్లు గడ్డకట్టి వంటింటి సింకు వెనక పైపు పగిలిందండీ. నేలంతా నీళ్లు, హాల్లో కార్పెట్ నానిపోయింది. ఆయన వెళ్లి మెయిన్ వాల్వు కట్టేశారు. నీళ్లు గడ్డకట్టకుండా కొళాయిలు సన్నగా వదిలిపెట్టి రావాల్సిందా? ఆ చెయ్యితో, ఆ నొప్పితో, నాకు గుర్తొస్తుందా? అసలు నాకెవరైనా చెప్పారా?

శశికళగారు నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డారు, ఏడుస్తానేమోనని. నాకు ఏడుపు రాలేదండీ. ఎవరికీ చెప్పలేదు, మీకు చెప్తున్నాను. ఆ నీళ్లు చూడగానే ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టైంది. పోనీలే, ఇంక కాపాడ్డానికేం లేదు, అనుకున్నాను. ముచ్చటపడి కొనుక్కున్న ఇల్లు కదా! అలా ఎలా అనిపించిందో నాకే తెలీదు.

ఏదో ఒకటనండి. తిట్టినా సరే.

పోనీ వద్దులెండి. అక్కణ్ణుంచి మీరు మాత్రం ఏం చేస్తారు.