తేరా పహాడా చెప్పినందుకు

"అమ్మమ్మా, గీ ఏటికెల్లి మా బడంత ఇంగ్లీషే. తెలుగు బడికెల్లి వచ్చిన పిల్లలను పరీక్ష వెట్టి రెండు తరగతులు కిందికి దించుమన్నరు. దునియంత గట్లనే నడుస్తుందట."

దించుతవా? టీచరమ్మవు, నువ్వే దించుతవా? కూసో ఈడ.

మా బాపు ఆసిఫాబాద్ల తహసీల్ కచేరి చప్రాసి. ఆయినకు మొగపిల్లలు లేరు, నీకెరుకే గదా. సర్కారు మాట్లాడేది ఉర్దూ, ఉర్దూ వస్తేనే కుర్సీ అని, ఆడివిల్ల అని సూడకుంట నన్ను బడికి తోలిండు. నేను గూడ తక్కువదాన్ని గాదు. నాలుగో జమాత్‌కు వచ్చేవరకు పహాడాలన్ని నోటికే. అవే, మీరు ఎక్కాలంటరు సూడు, అవి. ఇంటికి ఎవలొచ్చినా బాపు నన్ను నిలవెట్టి చెప్పిచ్చేటోడు. మా మేనత్త అయితే, "నీ బిడ్డ పహాడాలు ఇనుడుకే వస్తనా నేను" అని కసురుకునేది.

గంతల నిజాం రాజ్యం పాయె. గా ఏడే, కాదు కాదు, తెల్లారేడు, బడి తెలుగుకు మారింది. ఆంధ్ర దిక్కుకెల్లి కొత్త పంతులు వచ్చిండు. ఇగ మా బాపు చేసిన పని ఇను. ఇస్త్రీ అంగి తొడుక్కొని, నా చెయ్యి పట్టుకపోయి, "సార్, మా బిడ్డ పదమూడో పహాడా చెప్తది, జర ఇనుర్రి" అన్నడు. పంతులు మురుస్తడనుకున్నడు, పిచ్చోడు. నేను గొంతెత్తి "తేరా దూనీ ఛబ్బీస్, తేరా తియ్యా ఉంతాలీస్" అని ఆగకుంట చెప్పిన. ఒక్కటి తప్పు పోలే. పంతులు మొకం తిప్పుకొని, "ఈ చదువు ఇప్పుడు చెల్లదు. ఒకటో తరగతిలో కూర్చోబెట్టండి" అన్నడు.

ఏం మాట బిడ్డా అది? పదమూడు రెండ్లు ఏ రాజు వచ్చినా ఇరవై ఆరే గదా. ఎనుకట నిజాం రూపాయి, హాలీ సిక్క, బంద్ వెట్టినప్పుడు గూడ, అవి ఏడిస్తే ఆరు కల్దార్, అదే ఇండియా రూపాయలన్న చేతుల వెట్టిండ్రు. పైసలకున్న ఇలువ నా నాలుగేండ్ల చదువుకు లేకపాయె.

మూడొద్దులు పోయిన. ఐదేండ్ల పోరగాండ్ల నడుమ పదేండ్లదాన్ని, మోకాళ్లు మలుసుకొని కూసున్న. నాలుగో నాడు బాపే బంద్ వెట్టిండు. "నలుగుట్ల ఇజ్జత్ పోతుంది, పత్తి ఏరపో" అన్నడు. పంతులు మీదికంటె బాపు మీదనే మంట నాకు. సచ్చి ఎన్నేండ్లాయె, ఇంక సల్లారలే. గంతమందికి చూపిచ్చి మురిసినోడు, గా దినం "నా బిడ్డకు వస్తది సార్" అని ఒక్క మాట అనలే. తల ఒంచుకొని "జీ హుజూర్" అన్నడు.

దునియ నడుస్తుందంటవు. దునియకేం, ఎటన్న నడుస్తది. ఇయ్యాల ఇంగ్లీషు, రేపు ఇంకోటి. కిందికి దిగేది ఎవల పిల్లలు? ఇంగ్లీషు నేర్పు, నేను వద్దంటలేను. వచ్చినదాన్ని మరిచిపొమ్మనకు. రేపు ఏ పోరి లేసి ఏ భాషల లెక్క జెప్పినా, ముందుగాల తప్పా ఒప్పా సూడు. ఒప్పయితే నోరార ఒప్పే అను. నాకు గా మాట ఎవ్వలు అనలే. సల్లగుండు బిడ్డా, పో.