దిగువ సగం

మే నెల పొద్దున యార్క్‌షైర్‌లో, ఊరి అద్దె మడుల దగ్గర, పాకలో ఇద్దరు టీ తాగుతున్నారు. ఒకాయన మోకాలికి ఇంకా కట్టు ఉంది. రెండో ఆవిడది పక్క మడి.

"క్లిఫర్డ్ సగ్డెన్ చేసిన అన్యాయం చచ్చేదాకా మర్చిపోనక్కా. నేను ఆస్పత్రిలో ఉంటే, కలుపు పెరిగిందని మన మడుల కమిటీకి చెప్పి, గడ కొలతలో పది గడలుండే నా మడిలో దిగువ సగం లాక్కున్నాడు."

"వందసార్లు చెప్పావులేవయ్యా. ఇవాళ ఆ నవ్వేంటి?"

"వాడి చిక్కుడు మొక్కలు చూడు."

"అయ్యో! నల్లగా కమిలిపోయాయే!"

"రాత్రి మంచు పడింది. చలంతా పల్లానికి జారి ఆ గోడ దగ్గరే ఆగుతుంది. హాథార్న్ ముళ్ళపొదల కంచె పూసి మంచు భయం పోయేదాకా అక్కడ నేనేదీ నాటేవాణ్ణి కాదు. వాడు ఏప్రిల్లోనే నాటేసి అందరికీ చూపించుకున్నాడు."

"ముందే చెప్పకపోయావా?"

"చెప్పాను. కుంటోడికేం తెలుసన్నాడు. ఇందాక టోపీ చేత్తో పట్టుకుని నారు అడగడానికొచ్చాడు. శనివారం కమిటీ తనిఖీ కదా, బోసిగా ఉన్న నేల లాక్కోవాలన్న రూలు వాడు పెట్టించిందే."

"ఇచ్చావా?"

"నా నారు నా నేలలోనే నాటుతానన్నా. అందరి ముందూ పోగొట్టుకునేకంటే నయమని, తనే నాకు తిరిగి వదిలేస్తున్నట్టు కమిటీకి కాగితం రాయడానికెళ్ళాడు."

"అబ్బ, గెలిచావయ్యా! మరి అంత నారుందా?"

"పాత అలవాటు కొద్దీ మొత్తం మడికి పోశానక్కా. మిగిలిన నారు సరిగ్గా వాడు లాక్కున్నంత నేలకి సరిపోతుంది. ఐదు గడలు."