మలుపు దాకా అందాలి

మధ్యాహ్నం మూడు గంటలు. ముందు గదిలో కంప్యూటరు దగ్గర ఇంటావిడ, ఇంటర్నెట్ బాగుచేయటానికి వచ్చిన మెకానిక్.

"నెట్ నిక్షేపంలా వస్తోంది కదక్కా. ఇంకేం బాగుచేయమంటావు?"

"ఇక్కడ వస్తుంది తమ్ముడూ. వీధి మలుపు దాకా రావటం లేదు. మొన్నటిదాకా వచ్చేది."

"మలుపు దాకా ఎందుకు? దారిన పోయే దానయ్యలకి పంచిపెడతావా?"

"రావాలి. అంతే."

"సరే, సరే. ఆ చేతికి కట్టేమిటి?"

"మెట్ల మీద జారాను."

"ఈ ఇంటికి మెట్లెక్కడున్నాయి?"

"నువ్వు రూటరు చూడు."

"చూస్తున్నా. యాంటెన్నా ఒకటి విరిగింది. గోడకేసి కొట్టారా?"

"గోడకి కాదు."

"మరి?"

"నా తలకి. ముందు రూటరు, తర్వాత ఇస్త్రీపెట్టె. చాలా? ఇక పని చూడు."

"అక్కా, పోలీసులకి..."

"వెళ్లాను. నేను తిరిగొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చెయ్యి విరిగింది ఆ రోజే."

"మరి ఈ మలుపు గోలేమిటి?"

"ఆయన ఫోను మలుపు తిరగ్గానే దానంతటదే మా నెట్‌కి కలుస్తుంది. ఈ తెర మీద పేరు పడుతుంది. అక్కణ్ణుంచి గుమ్మానికి రెండు నిమిషాలు. పాపని పెరటి గోడ మీంచి పక్కింటి పిన్నిగారికి అందించటానికి సరిపోయేది."

"నువ్వో?"

"నా సంగతి వదిలెయ్. ఇప్పుడు ఆయన గుమ్మంలోకి వచ్చాక గానీ పేరు పడటం లేదు. నిన్న పాప వీపు మీద బెల్టు వాత తేలింది తమ్ముడూ. ఐదేళ్ల పిల్ల."

"ఉండు, ఉండు. ఇది విరిగిన యాంటెన్నా వల్ల కాదక్కా. సెట్టింగుల్లో రేంజి అట్టడుక్కి దించేశారు. గుమ్మం దాటితే అందదు. ఎవరో కావాలని చేసిందే. పాస్‌వర్డు ఎవరికి తెలుసు?"

"నాకూ... ఆయనకీ."

"ఇదిగో, నెట్‌కి కలిసి ఉన్నవాటి జాబితా. ఈ కంప్యూటరు. నా ఫోను. ఈ మూడోది 'యజమాని' అట. నీదా?"

"నాకు ఫోనెక్కడిది, నీకు చేసింది పిన్నిగారి ఫోన్లోంచి. అది ఆయన పేరే. తనే పెట్టుకున్నాడు. రేంజి పెంచేశావన్నమాట. మలుపులో ఉన్నాడు. లే తమ్ముడూ, రెండు నిమిషాలుంది, పాప వెనక గదిలో పడుకుంది..."

"నేనింకా పెంచలేదక్కా."

"మరి పేరెలా పడింది?"

"ఇరవై నిమిషాలుగా కలిసే ఉంది. నువ్వు నాకు తలుపు తీయటానికి లేచినప్పట్నుంచీ. అక్కా, వెనక గదికి పెరట్లోంచి తలుపుందా?"

"పాపా. పాపా, పలకవే."

"అరవకు. పాప నా ఒళ్లోనే ఉంది. ఇప్పుడు పెంచు బావమరిదీ, మీ అక్క ఎంత దూరం అడిగితే అంత దూరం."