వారానికి ఎన్ని మెయిళ్లు పంపాలె, అయ్యగారూ?

ఎక్కువైతున్నయా? నా మెయిళ్లు ఎక్కువైతున్నయని మీకు చెప్పిండ్రా, అయ్యగారూ? ఎవరు చెప్పిండ్రు? మన చర్చి కాంతమణి ఆంటీయేనా? వద్దు వద్దు, పేరు చెప్పకుండ్రి, నాకు తెలుసు. పొద్దుగాల ప్రార్థన చేసుకుంటుంటే ఫోన్ టింగుమంటదంట. ఆ టింగు నాదేనంట! బ్యాంకోళ్లు పంపుతరు, ఇన్సూరెన్సోళ్లు పంపుతరు, చీరలమ్మేటోళ్లు రోజుకు రెండు పంపుతరు. వాళ్ల మీద చెప్పనీకె పాస్టరుగారని మీ ఇంటికి వచ్చిందా ఎన్నడన్న?

కూసోండ్రి. చాయ్ చల్లగైతది, తాగుండ్రి. కోపం కాదు అయ్యగారూ, పరేషాన్. పొద్దున లేస్తే పరేషానే.

మీరే చెప్పుండ్రి. బొమ్మలేసేటోళ్లు వాళ్ల బొమ్మల సంగతి జనానికి ఎన్నిసార్లు చెప్పాలె? వారానికొకసారా, నెలకొకసారా? ఎక్కడన్న రాసున్నదా? ఉంటే చూపెట్టుండ్రి, గట్లనే చేస్తా.

మా తమ్ముడు ఎరిక్, కంప్యూటర్ పని చేస్తడు కదా, వాడే నాకు ఈ మెయిళ్లు పంపుడు నేర్పిచ్చిండు. "అక్కా, నెలకొక్కటి చాలు, జనానికి విసుగు రావద్దు" అన్నడు. సరేనని నెలకొక్కటే పంపిన. ఏమైంది? చర్చిల కలిసినోళ్లంతా "ఏం డోరా టీచర్, బొమ్మలు బంద్ చేసినవా?" అనవట్టిరి. అంటే మర్చిపోయినట్టే కదా! మర్చిపోయినోళ్లు ఏం కొంటరు? గందుకే వారానికొకటి షురూ చేసిన.

ఒక్కొక్కటి రాయనీకె పొద్దంత పట్టేది. లాలాగూడ రైల్వే క్వార్టర్ల గోడలకు సాయంత్రం ఎండ పడితే ఆ పసుపు ఎట్ల మారుతది, వర్క్‌షాపు ఇడిచిపెట్టినంక సైకిళ్లు ఎట్ల గుంపుగ బయటికొస్తయి, అన్ని రాసేదాన్ని. ఆఖరుకు "ఈ బొమ్మ ఒక మంచి ఇంటికి చేరేటట్టు ప్రార్థన చేయండి" అని సుత రాసిన. అలవాటు కదా! మనకు ప్రార్థన అడగకుంట ఉత్తరమే ముగియదాయె. గదే నేను చేసిన తప్పు.

జవాబులొచ్చినయి అయ్యగారూ, కుప్పలు! "ఆమేన్ సిస్టర్." "మీ కొరకు ప్రార్థిస్తున్నాము." "ప్రభువు మీ చేతుల కష్టాన్ని దీవించును గాక." ఒకామె అయితే నా బొమ్మ కోసం శుక్రవారం ఉపవాసం ఉన్నదంట. అందరు దీవించిండ్రు. ఒక్కరు కొనలే.

మళ్ల ఈస్టర్ ముందటి శ్రమ దినాలొచ్చినయి. ఆ నలభై రోజులు మనోళ్లు పొద్దుగాల లేసి ధ్యానాల పుస్తకం తెరుస్తరు కదా, దాంతోపాటు నా మెయిల్ సుత తెరుస్తరనుకున్న. రోజుకొక్కటి పంపిన. నవ్వుతున్నరా? నవ్వుండ్రి. నవ్వేటట్టే ఉన్నది నా సంగతి. "లిస్టులకెల్లి పేర్లు తీయించుకుంటున్నరు అక్కా, ఆపవే" అని ఎరిక్ తల పట్టుకున్నడు. తీయించుకుంటే తీయించుకోనీ అన్న. పైకి గట్లన్న గని, లోపల భయమే. పండుగైనంక తగ్గించిన. ఇప్పుడు వారానికి రెండే. రెండు సుత ఎక్కువేనా?

ఆపెయ్యమంటే ఎట్ల ఆపుత? బడిల డ్రాయింగ్ టీచర్ కొలువు ఇడిచిపెట్టి కూసున్న అయ్యగారూ. నేనొక్కదాన్నే, తమ్ముడు తప్పితే ఎనకా ముందు ఎవరున్నరు నాకు?

ఎందుకు ఇడిచిపెట్టిన అంటరా? అదేందీ, మీ ముంగటనే కదా అయింది! పోయిన కోత పండుగ. మందిరం కోసం చేసే వేలంల నా బొమ్మ పెట్టిండ్రు. పొద్దుపొడుపుల మౌలాలి గుట్ట. గుమ్మడికాయలు, బియ్యం సంచులు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, వాటి నడుమ నా గుట్ట. మైకు మీ చేతులనే ఉండె. జకర్యా అంకుల్ పాట మొదలు పెట్టిండు. ఇంకొకరు మీద పాడిండ్రు. మళ్ల అంకుల్. పెరుగుతనే ఉన్నది. ఆఖరుకు అంకుల్‌కే వచ్చింది. చప్పట్లు! అంకుల్ లేసి ఏమన్నడు? "మందిరానికే తిరిగి ఇస్తున్న, మళ్ల పాడుండ్రి" అన్నడు. మళ్ల పాడిండ్రు. గెలిచినామె సుత తిరిగి ఇచ్చింది. మళ్ల పాడిండ్రు. ఆ దినం నా బొమ్మను పాడినన్నిసార్లు దేన్ని పాడలే.

నేను చర్చి వెనకకు పోయి ఏడ్చిన, సంతోషం పట్టలేక. ఇన్నేండ్లు పిల్లలకు మామిడికాయ, జెండా గీపిచ్చిన చేతులకు ఇంత గిరాకీ ఉన్నదా అని!

మొహం కడుక్కొని ఫోన్ పట్టుకొని పాడినోళ్ల దగ్గరికల్లా పోయిన. "కొత్త బొమ్మలేస్తే చెప్త, మీ మెయిల్ ఐడీ ఇయ్యుండ్రి" అన్న. పండుగ పూట ఎవరు కాదంటరు? అడిగినోళ్లందరు ఇచ్చిండ్రు. వాళ్లే నా లిస్టు. క్రిస్మస్ కాంగనే బడిల రాజీనామా ఇచ్చేసిన.

వాళ్లు దేవుని పేరు మీద పాడుతున్నరు, నా బొమ్మ మీద కాదని నాకు తోచలే. ఇంతమంది ఎందుకు తిరిగి ఇస్తున్నరని ఒక్కసారన్న అనుకోవాలె కదా నేను! ఎంత పెద్ద మనసు వీళ్లది అనుకున్న. కోడిని పాడుకున్నోళ్లు ఎవరన్న తిరిగి ఇచ్చిండ్రా అయ్యగారూ? కోడి సక్కగ స్కూటర్ మీద ఇంటికి పోయింది. నా మౌలాలి గుట్ట ఏడున్నదో ఎరుకేనా మీకు? చర్చి వెనక గదిల, ఇరిగిన కుర్చీల పక్కన. మొన్న కొవ్వొత్తుల కోసం పోతే కనవడ్డది. చూసి చూడనట్టే వచ్చిన.

బడి సంగతా? అవును, మీరే ప్రిన్సిపల్ మేడంతోని మాట్లాడిండ్రు. మేలే చేసిండ్రు, కాదంటలే. సోమవారం దాక ఆగుతరంట, తర్వాత వేరే టీచర్‌ను తీసుకుంటరంట. సెలవు దినాలల్ల బొమ్మలేసుకోరాదా అంటున్నరు. ఇన్నేండ్లు వేసుకున్ననా? సాయంత్రం ఇంటికొచ్చినంక చెయ్యి లేస్తదా? యాభై దాటినయి నాకు. ఇప్పుడు లోపలికి పోతే మళ్ల బయటికి రాను, నాకు తెలుసు. గందుకే పంపుతున్న, ఆపకుంట పంపుతున్న. సోమవారం లోపల ఒక్కరంటే ఒక్కరు నా బొమ్మ ఇంటికి తీసుకపోయి గోడకు పెట్టుకుంటే చాలు. బడికి పోనని చెప్పేస్త. దేవున్ని గదొక్కటే అడిగిన.

నెలకొక్కటి చాలంటరా? మీరు సుత ఎరిక్ మాటే చెప్పవడితిరి. జెర ఒక మాటడుగుత, ఏమనుకోకుండ్రి. మీరు చదివిండ్రా? ఒక్కటన్న?

ఊకోండ్రి అయ్యగారూ. ఎవరు తెరిచిండ్రు, ఎవరు తెరువలే అని నా ఫోన్ల కనవడతది. పేరు పక్కన గుర్తొస్తది. మీ పేరు పక్కన ఎన్నడు రాలే. ఆదివారం కలిసినప్పుడల్ల "మెయిల్ బాగుంది డోరమ్మా" అన్నరు, నేను థాంక్స్ చెప్పిన. తల దించుకోకుండ్రి, మిమ్ముల ఒక్కరినే అంటలే. కాంతమణి ఆంటీ సుత తెరువలే. తెరువని మెయిళ్లు ఎక్కువ ఎట్లయితయో నాకు సమజైతలేదు.

మొన్నటిది చదివుంటే మీరు ఈ పొద్దు గిట్ల వచ్చి అడగకపోదురు. దాంట్ల అమ్ముతనని రాయలే. ధర రాయలే. ప్రార్థన చేయుమని సుత రాయలే. "మా ఇంట్ల ఉన్న బొమ్మల్ల మీకు ఏది నచ్చితే అది తీసుకపోండి, పైసలు వద్దు, శనివారం పొద్దంత ఇంట్లనే ఉంట" అని రాసిన. ఫుకట్‌ల, అయ్యగారూ. ఎరిక్‌కు చెప్పలే, సిగ్గేసింది. చూడుండ్రి, అన్ని తుడిచి గోడకు ఆనిచ్చి పెట్టిన, వచ్చేటోళ్లకు తొవ్వ ఇడిచి. ఈ చాయ్ మీ కోసం పెట్టింది కాదు.

శనివారం పొద్దు గూకవట్టె. ఎవరు రాలే.

తీయండ్రి, బడికే పోతా. సోమవారం డోరా వస్తదని మేడంకు చెప్పుండ్రి. జీతమొస్తది, పిల్లలుంటరు, దానికేముంది.

గని ఇందాక గేటు చప్పుడైంది చూడుండ్రి, మీరొచ్చినప్పుడు... ఎవరో బొమ్మ కోసం వచ్చిండ్రనుకున్న అయ్యగారూ. చెప్పులు సుత ఏసుకోకుంట ఉరికొచ్చిన.