ఏడో ప్రశ్నకు జవాబు

నా పేరు ఆకుల ఉదయభాస్కర్. తండ్రి జగన్నాథరావు గారు, కాలం చేశారు. నా వయస్సు 53 సంవత్సరాలు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా పని చేస్తున్నాను. నివాసం రావులపాలెం, కాలువ గట్టు వీధి. ఈరోజు 2025 నవంబరు 27, గురువారం, ఉదయం 11.20కి కొత్తపేట కోర్టులో మేజిస్ట్రేటు గారి ఎదుట ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే అర్జీ పెట్టుకుని వచ్చాను. ఇది ఇవ్వాలన్న నిర్బంధం లేదని, ఇస్తే నా మీదే వాడవచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. మొదటిసారే అర్థమైంది.

నా భార్య నాగేశ్వరి, వయస్సు 48, ఈ నెల 12న రాజమండ్రిలో ఒక ఆస్పత్రిలో చనిపోయింది. ఆమె తమ్ముడు హరిబాబు 15వ తేదీన పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. బరువు తగ్గించే బృందం నడిపే సాయిదుర్గ అనే ఆమె మా అక్క చేత అన్నం మాన్పించి ప్రాణం తీసిందని, అక్క మందులు వాడుతుందో లేదో అడగకుండా ఫారం తనే నింపుకుందని అందులో ఉంది. ఫారంలో ఏడో ప్రశ్న: "షుగరుకు, బీపీకి మందులు వాడుతున్నారా?" ఎదురుగా "లేదు" అని ఉంది. ఆ రాత నాగేశ్వరిది కాదు. కాబట్టి సాయిదుర్గదే అని హరిబాబు అంటున్నాడు. కేసంతా ఆ ఒక్క మాట మీద ఉంది. దాని గురించి చెప్పడానికి వచ్చాను.

నాగేశ్వరి ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఏడేళ్ళుగా షుగరు ఉంది. ఈ సంవత్సరం మే నెలకు బరువు 92 కిలోలు. మోకాళ్ళు పట్టేసి కుట్టు మిషను తొక్కలేకపోయేది. మోటారు పెట్టిస్తానన్నాను. "మోటారు పెడితే కుట్టేది మిషను, నేను కాదు" అంది.

మే 20న మా డాక్టరు గారు పాత మాత్ర మార్చి కొత్తది రాశారు. షుగరును మూత్రంలో పోయేలా చేసే మాత్ర. రాస్తూ, "అన్నం తగ్గించండమ్మా. ఒకవేళ పూర్తిగా మానేసే పనైతే మాత్రం ముందు నాకు చెప్పండి, ఈ మాత్ర ఆపాల్సి ఉంటుంది" అన్నారు. నేను పక్క కుర్చీలో ఉన్నాను. విన్నాను.

ఆ మాత్ర రోజూ ఉదయం 7.10కి నేనే ఇచ్చేవాణ్ణి. ఏడేళ్ళుగా ఏ మాత్రైనా నేనే ఇచ్చేవాణ్ణి. ఆమె ఒక చెయ్యి చాపేది, రెండో చెయ్యి పొయ్యి మీద గరిటె మీద ఉండేది.

సాయిదుర్గ నా విద్యార్థిని. ఇంటర్ రెండేళ్ళు నా క్లాసులో కూర్చుంది. పెళ్ళయ్యాక బాగా లావై, పిండి పదార్థాలు మానేసి సన్నబడింది. ఇప్పుడు బజారు వెనక ఒక హాలు తీసుకుని ఇతరులకు చెబుతుంది. జూన్ 7, శనివారం ఉదయం 10 గంటలకు నాగేశ్వరిని నేనే తీసుకువెళ్ళాను. అక్కడ నలభై మంది దాకా ఉన్నారు. సాయిదుర్గ నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది. "షుగరు మాత్రలు వాడేవాళ్ళు డాక్టరు గారి ఉత్తరం లేకుండా నా దగ్గరకు రావద్దండి. అన్నం మానేస్తే మాత్రల లెక్క మారిపోద్ది. ఏమన్నా అయితే నేను చూడలేనండి." ఇది కూడా విన్నాను.

తరువాత ఫారాలు పంచారు. నాగేశ్వరి కళ్ళజోడు తీసుకురాలేదు. నన్ను నింపమంది. పేరు, వయస్సు, ఎత్తు, బరువు రాశాను. ఏడో ప్రశ్న చదివి వినిపించాను.

"లేదని రాయండి" అంది.

"ఉంది కదా."

"ఉందంటే ఉత్తరం తెమ్మంటది. డాక్టరు గారు ఇవ్వరు. మళ్ళీ వచ్చే నెల రమ్మంటారు. నా మోకాళ్ళు వచ్చే నెల దాకా ఆగవండి."

ఆరోజు కాలేజీలో అడ్మిషన్ల పని ఉంది. పదకొండున్నరకు నేను అక్కడ ఉండాలి. గోడ గడియారం చూశాను. 10.50 అయింది. "లేదు" అని రాశాను. నాగేశ్వరి కింద సంతకం పెట్టింది.

ఫారం సాయిదుర్గకు నేనే ఇచ్చాను. ఆమె తీసుకుని, చూడకుండా ఫైలులో పెట్టేసింది. "మీరు నింపారంటే నేను మళ్ళీ చూడక్కర్లేదు సార్" అంది.

ఆ ఆహారం చెడ్డదని నేను చెప్పడం లేదు. రాసుకోండి. ఉదయం నేతిలో గుడ్లు, మధ్యాహ్నం ఆకుకూరతో చేప, సాయంత్రం పనీరు, నాలుగు బాదం పప్పులు. అన్నం, ఇడ్లీ, పాలు, పళ్ళు, బెల్లం లేవు. సెప్టెంబరు ఆఖరుకు 79 కిలోలకు వచ్చింది. మూడు నెలల షుగరు సగటు 9.1 నుంచి 6.8కి దిగింది. మిషను గంటసేపు తొక్కేది. గొంతుక్కూర్చుని ముగ్గు వేసింది. వేసి, లేచి నిలబడి, నన్ను పిలిచి చూపించింది. ముగ్గు కాదు, లేవడం చూపించింది. ఈ మధ్య కొన్నేళ్ళలో ఆమె అలా లేవడం నేను చూడలేదు.

తన జాకెట్లన్నీ విప్పి బిగించుకుంది. బిగించినప్పుడు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలింది. ఎందుకని అడిగాను. "మళ్ళీ లావైతే విప్పుకోవద్దా" అంది. ఆ జాకెట్లు పదకొండు ఉన్నాయి.

నాకు మాత్రం అన్నం రోజూ వండేది. పక్కింటి అచ్చాయమ్మ గారు గోడ అవతల నుంచి, "ఏంటే నాగేశ్వరీ, గోదారి నీళ్ళు తాగి అన్నం మానేశావంట! మీ ఆయన తిండి పెట్టట్లేదని పేపర్లో వేయిస్తా చూడు" అనేవారు. "వేయించండి పిన్నిగారూ, ఫొటో మాత్రం ఇప్పటిది ఇవ్వండి" అని నాగేశ్వరి జవాబు.

జులైలో ఆమె ఊపిరిలో ఒక వాసన గమనించాను. మా ల్యాబులో ఎసిటోన్ సీసా మూత తీస్తే వచ్చే వాసన. చెప్పాను. భయపడింది. "భయం లేదు, పిండి అందకపోతే ఒళ్ళు కొవ్వును కాల్చుకుంటుంది, అది ఆ పొగ అనుకో" అన్నాను. సంతోషించింది. అప్పటి నుంచి ఉదయం లేవగానే నా మొహం మీద ఊది, "వస్తోందా మాస్టారూ?" అని అడిగేది. వస్తోంది అనేవాణ్ణి. మామూలు మనిషికి ఆ వాసన అంతవరకు ప్రమాదం కాదు. ఈ మాత్ర మీద ఉన్న మనిషికి అది ఎక్కడ ఆగాలో అక్కడ ఆగదని నాకు అప్పుడు తెలియదు. ఆ సంగతి తెలిసిన మా డాక్టరు గారిని అడగలేదు. అడిగితే అన్నం మానేసిన సంగతి చెప్పాలి.

అక్టోబరు 22న కార్తీకం వచ్చింది. మా ఇంట్లో కార్తీకం నెలంతా నీచు ముట్టరు. గుడ్డు కూడా నీచే. అంటే ఉదయం గుడ్లు పోయాయి, మధ్యాహ్నం చేప పోయింది. అన్నం ముందే పోయింది. ఆమె రెండు నియమాల్లో ఏదీ వదలలేదు. మిగిలింది పనీరు, ఆకుకూర, బాదం పప్పు. సోమవారాలు అవి కూడా లేవు, పగలంతా ఉపవాసం, చుక్క చూశాక ఫలహారం. ఫలహారమంటే పండు, పాలు. అవి ఆమె తినదు. ఈ నెలకు అన్నం మొదలుపెట్టమన్నాను. "ఐదు నెలలది ఒక్క నెలలో పోగొట్టుకోమంటారా?" అంది.

నవంబరు 10, మూడో సోమవారం. పగలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. చుక్క చూశాక మజ్జిగ ఒక గ్లాసు తాగింది. ఆకలి లేదంది. ఆరోజు ఉదయం 7.10కి మాత్ర ఇచ్చాను.

నవంబరు 11, మంగళవారం. ఉదయం 7.10కి మాత్ర ఇచ్చాను. కడుపులో తిప్పుతోందని చెప్పింది. మాత్ర వేసుకున్నాకే చెప్పింది. 8.30కి కాలేజీకి వెళ్ళాను. 11.40కి ఫోను చేసి మూడుసార్లు వాంతి అయిందని చెప్పింది. 12.15కి ఇంటికి వచ్చాను. గది తలుపు తీయగానే ఆ వాసన. సీసా మూత తీసినట్టు కాదు, సీసా పగిలినట్టు.

షుగరు చూశాను. 164. బాగానే ఉందనుకున్నాను. షుగరు ఎక్కువైతేనే ప్రమాదమని మేం ఏడేళ్ళుగా అనుకుంటున్నాం. ఆ అంకె చూసి ఇద్దరం ధైర్యపడ్డాం.

12.40కి నాగేశ్వరి సాయిదుర్గకు ఫోను చేసింది. స్పీకరు పెట్టింది. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. సంభాషణ నాకు గుర్తున్నంతవరకు ఇది.

"అమ్మగారూ, డైటు సంగతి ఇవాళ వదిలేయండి. ముందు ఒక కొబ్బరి బొండం తాగండి. గంజి తాగండి. తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళిపోండి, నా కోసం చూడకండి."

"అలాగేనమ్మా."

"ఒక్క మాటండి. మీరు షుగరు మాత్రలేమీ వేసుకోవట్లేదు కదా?"

నాగేశ్వరి నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"లేదమ్మా" అంది.

"సార్ ఉన్నారాండి పక్కన?"

"ఉన్నారమ్మా."

"సరేనండి, సార్ ఉన్నారు కదా."

ఫోను పెట్టేసింది. నేను మాట్లాడలేదు. మాట్లాడటానికి టైము ఉంది. 12.40 నుంచి 12.43 వరకు ఉంది. ఆ తరువాత కూడా ఉంది, నంబరు నా ఫోనులోనూ ఉంది.

వీధి చివర బొండం కొట్టించి తెచ్చాను. రెండు గుక్కలు తాగి, "తియ్యగా ఉంది, వద్దు" అంది. మిషను బల్ల మీద పెట్టాను. నాలుగు గంటలకు ఊపిరి లోతుగా, గట్టిగా తీయడం మొదలుపెట్టింది. మెట్లెక్కి వచ్చిన మనిషిలా. పడుకునే ఉంది. 4.20కి కారులో బయలుదేరాం. జొన్నాడ వంతెన మీద, "నీళ్ళు చాలా ఉన్నాయండీ ఈసారి" అంది. గోదారి గురించి. అవే ఆఖరి మాటలు. 5.25కి రాజమండ్రి ఆస్పత్రిలో చేర్చాను.

డ్యూటీ డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న, "షుగరుకు ఏం మాత్రలు వాడుతున్నారు?" అప్పుడు చెప్పాను. పేరుతో సహా చెప్పాను. ఆయన పెన్ను ఆపి, "అన్నం మానేసి ఇది వేసుకుంటున్నారా? ఎవరూ చెప్పలేదా?" అన్నారు. చెప్పారన్నాను. రక్తంలో ఆమ్లం బాగా పెరిగిపోయిందని, ఈ మాత్ర ఉన్నప్పుడు షుగరు అంకె పెద్దగా పెరగకుండానే ఇలా అవుతుందని, పొద్దున్నే తెచ్చి ఉంటే వేరుగా ఉండేదని చెప్పారు. వాళ్ళు చేయగలిగినదంతా చేశారు. 12వ తేదీ బుధవారం మధ్యాహ్నం 2.35కి నాగేశ్వరి చనిపోయింది.

ఇంటికి వచ్చేసరికి బొండం మిషను బల్ల మీదే ఉంది. స్ట్రా అందులోనే ఉంది.

ఫిర్యాదు ఇచ్చే ముందు హరిబాబు నన్ను అడగలేదు. ఇచ్చాక చెప్పాడు. 23వ తేదీ, పన్నెండో రోజు భోజనాలయ్యాక పక్కకు పిలిచి, "బావగారూ, ఆ రాత అక్కది కాదని చెప్పాను. మిగతాది వాళ్ళు చూసుకుంటారు. మీరు ఒక్క మాట మాట్లాడక్కర్లేదు, మీకు ఆ బాధ వద్దు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆ రాత అక్కది కాదు. అక్క మీద ప్రేమతో చేసిన పని అది. అతని మీద ఏ చర్యా వద్దు.

ఆరోజే మా అమ్మాయి హరిచందన వంటింట్లో మాత్రల డబ్బా సర్దుతూ, "నాన్నా, అమ్మకి ఈ మాత్ర ఉందని సాయిదుర్గ గారికి తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "ఎందుకు తెలియదు?" అంది. నాలుగు రోజులకు ఇక్కడికి వచ్చాను.

సాయిదుర్గను రోజూ స్టేషనుకు పిలుస్తున్నారు. హాలు మూసేశారు. ఫారం నింపే వచ్చిందని, ఎవరు నింపారో గుర్తు లేదని ఆమె చెప్పిందట. గుర్తు లేకపోవడం ఉండదు. రెండేళ్ళు నా బోర్డు మీద రాత చూసి నోటు పుస్తకంలో ఎక్కించుకున్న పిల్ల. ఎవరి రాతో తెలుసు. నా పేరు చెప్పలేదు.

ఫారంలో సంతకం తప్ప మిగతాదంతా నేను రాశాను. ఏడో ప్రశ్నకు జవాబు నేను రాశాను. అది అబద్ధమని తెలిసి రాశాను. నవంబరు 11న దాన్ని దిద్దే అవకాశం వచ్చినప్పుడు ఊరుకున్నాను. సాయిదుర్గ అడగాల్సింది రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నేను అక్కడ ఉన్నాను.

రాత సరిపోల్చడానికి మేజిస్ట్రేటు గారి ఎదుట తెల్ల కాగితం మీద "లేదు" అని మూడుసార్లు రాసి ఇచ్చాను. మూడోది వణికింది. ఆరోజు వణకలేదు. అందువల్ల మూడోదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని కోరి, నాలుగోసారి రాశాను. ఆ కాగితం దీనికి జత చేశారు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. నిజమే చెప్పాను, దాచింది ఏమీ లేదు. ఈసారి ఎవరూ రాయమనలేదు.

(సంతకం)
ఆకుల ఉదయభాస్కర్
27-11-2025, మధ్యాహ్నం 12.55
కొత్తపేట